బేనిషాన్ చెట్టు నాటు ఎందుకవుతుంది?



కొల్లాపూరు, పెద్దకొత్తపల్లి, కోడేరు ప్రాంతపు మామిడి తోటలలో తిరిగేటప్పుడూ, వనపర్తి జిల్లాలో వీపనగండ్ల వైపు వెళ్ళినప్పుడూ, గద్వాల వైపు బత్తాయి, నిమ్మ పెట్టిన రైతులతో మాట్లాడేటప్పుడూ ఒక ఫిర్యాదు మాకు తరచుగా వినవస్తూ ఉంటుంది. "సారూ, బేనిషాన్ అని తెచ్చి పెట్టిన. అయిదారేండ్లు నీళ్ళు పోసి పెంచిన. తీరా కాయ చూస్తే పుల్లగ, పీచుగ ఉన్నది. చెట్టు జాతి తిరిగిపోయింది. గిట్లెందుకైంది?" అని అడుగుతారు. కొందరు నేల మంచిది కాదంటారు. కొందరు నీళ్ళు పడలేదంటారు. కొందరు పక్క చేనిలోని నాటు మామిడి గాలి సోకిందంటారు. మరికొందరు దిష్టి తగిలిందంటారు.

ఈ పూట ఈ సంగతినే వివరంగా చెప్పుకుందాం. ముందుగా ఒక మాట గట్టిగా మనవి చేస్తున్నాను. చెట్టు తనంత తాను జాతి తప్పడం చాలా అరుదు. వేర్వేరు కారణాలతో జరిగే మూడు సంగతులను మనం "జాతి తిరిగింది" అనే ఒకే మాటతో పిలుస్తున్నాము. మొదటిది, టెంక నుంచి పెరిగిన చెట్టు. రెండవది, అంటు కింది నుంచి లేచిన కొమ్మ. మూడవది, మొగ్గలో నిజంగా పుట్టిన మార్పు. జ్వరాలన్నిటికీ ఒకే మందు ఎట్లా పనిచేయదో, ఈ మూడింటికీ ఒకే చికిత్స అట్లాగే పనిచేయదు. ఏది ఏదో తెలుసుకోకుండా గొడ్డలి పట్టుకుంటే నష్టపోయేది మనమే.

నేను స్వయంగా చూచిన తోట సంగతి ఒకటి చెబుతాను. మూడేళ్ళ క్రిందట వేసవిలో కొల్లాపూరు దగ్గరి ఒక పల్లె నుంచి కబురు వచ్చింది. అక్కడ ఒక పెద్దాయనకు ఎకరం మామిడి తోట ఉన్నది. ముప్ఫై మూడు అడుగుల ఎడంతో నలభై మొక్కలు పెట్టుకున్నాడు. అది ఆరవ ఏడు, మొదటి మంచి కాపు. గుత్తకు వచ్చిన బేరగాడు నాలుగు చెట్ల కాయ కోసి, రుచి చూచి, "ఇది కలగలుపు తోట" అని ధర సగానికి దించివేశాడు. ఆ గుత్త సొమ్ము మీదనే మనుమరాలిని కాలేజీలో చేర్చాలని ఇంటిల్లిపాదీ అనుకొని ఉన్నారు. నేను వెళ్ళేసరికి పెద్దాయన గొడ్డలికి పదును పెట్టించి కూర్చున్నాడు.

"ఆరేండ్లు సాకిన సారూ. ఇంక సాకలేను. కొట్టేసి పత్తి పెట్టుకుంట" అన్నాడు.

"పెద్దయ్యా, ఒక్క రోజు ఆగు. ఒక్కొక్క చెట్టు మొదలు చూచిన తర్వాత నీ ఇష్టం" అన్నాను.

ఆయనా, ఆయన ఇంటామె, నేనూ కలిసి నలభై చెట్ల మొదళ్ళలో మట్టి తీసి చూచాము. ఇరవైయారు చెట్లు నిఖార్సయిన బేనిషాన్. ఎనిమిది చెట్లకు ఒకే చెట్టు మీద రెండు రకాల కాయ ఉన్నది. ఆరు చెట్లు మొత్తానికి నాటు. అప్పుడు ఆ అమ్మ ఒక మాట అన్నది. "ఉగాది తోరణానికి ఆకు తెంపినప్పుడల్లా ఈ కొమ్మ ఆకు వాసన వేరు, ఆ కొమ్మ ఆకు వాసన వేరు ఉంటున్నదని నేను మూడేండ్ల కిందనే చెప్పిన. ఎవ్వరు వినలే."

వినని వాళ్ళలో నేనూ ఒకడిని. ఆ తోట రెండవ ఏట ఉన్నప్పుడు నేను అక్కడికి వెళ్ళాను. మొక్కలు ఏపుగా ఉన్నాయని మెచ్చుకొని వచ్చాను. ఆ ఏపు ఎక్కడి నుంచి వచ్చిందో వంగి చూడలేదు. ఆనాడు బొటనవేలితో గిల్లివేస్తే పోయే చిగురు, నాలుగేళ్ళలో రంపం కావలసిన కొమ్మ అయింది. అందుచేత ఈ ప్రసంగంలో నేను చెప్పబోయే జాగ్రత్తలు పుస్తకంలో చదివి చెప్పేవి మాత్రమే కావు.

ఇక మొదటి కారణం చూద్దాం. టెంక పెడితే తల్లి లాంటి చెట్టు ఎందుకు రాదు?

మామిడి పూత ఒక్కొక్క గుత్తిలో వందల కొద్దీ పూలుంటాయి. వాటిలో చాలా భాగం మగ పూలు. కొన్నిటిలో మాత్రమే ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. కాయ పట్టేది వాటికే. ఈగలు, తేనెటీగలు ఒక చెట్టు పుప్పొడిని మరొక చెట్టుకు చేరవేస్తాయి. కాయ పట్టిన తర్వాత పై కండ అంతా తల్లి చెట్టుదే. అందువల్లనే పక్కన నాటు మామిడి ఉన్నా బేనిషాన్ కాయ రుచి చెడదు. గాలి సోకిందనే మాట నిజం కాదు. కాని టెంక లోపలి పప్పు సంగతి వేరు. అందులో సగం తల్లిది, సగం తండ్రిది. తల్లి ఎవరో మనకు తెలుసు. తండ్రి ఎవరో ఈగకే తెలియాలి.

గద్వాల రైతులకు ఈ సంగతి నేను చెప్పనక్కర లేదు. అయిజ, గట్టు, మల్దకల్ వైపు సంకర పత్తి విత్తనం పండించేవారు సాయంకాలం ఆడ మొక్క మొగ్గలోని పుప్పొడి తిత్తులను గోటితో తీసివేసి, మరునాడు ఉదయం మగ పువ్వు పుప్పొడిని రుద్దుతారు. అట్లా వచ్చిన విత్తనం పెడితే చేనంతా ఒకే తీరుగా వస్తుంది. ఆ చేనిలో పండిన గింజను మరుసటి ఏడు మళ్ళీ పెడితే ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముందు కాపు, ఒకటి వెనుక కాపు అవుతుంది. ఎందుకంటే, మొదట కలిపిన తల్లీ తండ్రీ రెండూ ఏళ్ళ తరబడి శుద్ధి చేసిన జాతులు. వాటి పిల్లలు ఒక తీరుగా ఉంటాయి. ఆ పిల్లల కడుపున పుట్టినవాటిలో తాతల, అవ్వల గుణాలు విడివిడిగా బయటపడతాయి. పైకి కనబడని గుణం కూడా లోపల దాగి ఉండి తర్వాతి తరంలో తేలుతుందని గ్రెగర్ మెండెల్ అనే ఆయన బఠాణీ మొక్కల మీద చూపి, 1866లో అచ్చు వేయించాడు.

మామిడి సంగతి ఇంకా చిక్కు. అక్కడ తల్లీ శుద్ధమైనది కాదు, తండ్రీ శుద్ధమైనది కాదు. తరతరాలుగా కలిసిన రక్తమే. అందువలన బేనిషాన్ పుప్పొడి బేనిషాన్ పువ్వు మీదనే పడినా, ఆ టెంక నుంచి బేనిషాన్ వస్తుందన్న నమ్మకం లేదు. పది టెంకలు పెడితే పది రకాలు. వాటిలో పులుపు, పీచు, చిన్న కాయ, పెద్ద టెంక ఎక్కువగా కనబడతాయి. అవి అడవి మామిడి నుంచి వచ్చిన పాత గుణాలు. తీపి, పీచు లేకపోవడం, పెద్ద పరిమాణం, నిలువ ఉండడం అన్నీ ఒకే కాయలో కూడటం అరుదైన కూడిక. మనిషి ఏరి పెట్టుకున్న ఆ కూడిక, టెంకలో మళ్ళీ చెదిరిపోతుంది. కాబట్టి టెంక మొక్క "తిరిగిపోయింది" అనడం సరి కాదు. అది మొదటి నుంచీ బేనిషాన్ కానే కాదు.

దీనికొక మినహాయింపు కూడా చెప్పాలి. బేనిషాన్ టెంకలో ఒకే మొలక ఉంటుంది. పడమటి కోస్తాలోని ఒలూరు, బప్పకాయి వంటి కొన్ని మామిడి రకాలలో మాత్రం ఒక టెంక నుంచి నాలుగైదు మొలకలు లేస్తాయి. వాటిలో ఎక్కువ భాగం తల్లి కణాల నుంచే పుట్టినవి కనుక తల్లి గుణమే వస్తుంది. నిమ్మ, బత్తాయి జాతుల గింజలలోనూ ఇదే తీరు. అందుకే నిమ్మ గింజ పెట్టినా చాలావరకు తల్లిని పోలిన మొక్క వస్తుంది. గింజ మొక్కలలో ముళ్ళు ఎక్కువ, కాపు ఆలస్యం. అది చెట్టు పసితనపు లక్షణం. జాతి తప్పడం కాదు.

మరి బేనిషాన్ ఎట్లా నిలుస్తున్నది? అంటు వలన. అంటు అంటే తల్లి చెట్టు ముక్కనే మరొక వేరు మీద బతికించడం. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రిని మీలో చాలామంది చూచి ఉంటారు. ఊడలు నేలకు దిగి, కాండాలై, ఎకరాల మేర ఒక తోపు లాగా కనబడుతుంది. కాని అది అంతా ఒకే మర్రి. అంటు తోట కూడా అటువంటిదే. లక్నో దగ్గర దశహరి అనే ఊరిలో దశహరి మామిడి మొదటి తల్లి చెట్టు ఉన్నది. లోకంలోని దశహరి చెట్లన్నీ ఆ ఒక్క చెట్టు కొమ్మలే. మన బేనిషాన్ కర్నూలు సీమలోని బనగానపల్లె పేరుతో ప్రసిద్ధికెక్కి, 2017లో భౌగోళిక గుర్తింపు పొందింది. అదీ తరతరాలుగా కొమ్మ నుంచి కొమ్మకు అందుతూ వచ్చినదే.

ఇప్పుడు రెండవ కారణం. మన తోటలలో ఎక్కువగా జరిగేది ఇదే.

అంటు మొక్కలో ఇద్దరు కాపురం ఉంటారు. పైన బేనిషాన్ కొమ్మ, కింద నాటు టెంక మొక్క వేరు. ఇద్దరూ కలిసి పనిచేస్తారే గాని ఒకరు మరొకరుగా మారరు. కింది వేరు నీళ్ళు, సత్తువ పంపుతుంది. పై కొమ్మ అన్నం వండి కిందికి పంపుతుంది. అయితే అంటు కలిసిన చోటుకు కింద ఉన్న కాండంలో నిద్రపోతున్న కళ్ళు ఉంటాయి. పై కొమ్మ ఎండకు వాడినా, మేక కొరికినా, చెదలు పట్టినా, దున్నేటప్పుడు నాగలి తగిలినా ఆ కళ్ళు మేలుకొని చిగురు వేస్తాయి. ఆ చిగురు వేరుకు దగ్గర. నాటు కనుక జోరు ఎక్కువ. రెండేళ్ళలో పై కొమ్మను మించిపోతుంది. బేనిషాన్ నీడలో పడి చిక్కి, చివరకు ఎండిపోతుంది. అప్పుడు రైతు చూచేది నాటు చెట్టును. "బేనిషాన్ నాటయింది" అంటాడు. నిజానికి బేనిషాన్ చచ్చిపోయింది, నాటు బతికింది.

బత్తాయి తోటలలోనూ ఇంతే. సాత్గుడి బత్తాయి కన్నును రంగపూర్ నిమ్మ వేరు మీద అంటు కడతారు. ఎండు తెగులుతోనో, నీటి ఎద్దడితోనో పైన బత్తాయి క్షీణిస్తే కింద నుంచి ముళ్ళతో నిమ్మ కొమ్మ లేస్తుంది. నారింజ రంగులో చిన్న పుల్లని కాయలు కాస్తుంది. బత్తాయి నిమ్మగా మారిందని ఊరంతా వింతగా చెప్పుకుంటారు. అందులో వింత ఏమీ లేదు.

దీనిని గుర్తు పట్టడం ఎట్లా? మొదలులో మట్టి తీసి చూడండి. అంటు కలిసిన చోట చిన్న వంపో, ఉబ్బో, బెరడు తేడాయో కనబడుతుంది. బేనిషాన్ కాయకు మచ్చ ఉండదంటారు గాని, బేనిషాన్ చెట్టుకు ఈ ఒక్క మచ్చ ఉండి తీరాలి. కొమ్మ దానికి పై నుంచి వచ్చిందా, కింద నుంచి వచ్చిందా చూచుకోవాలి. తర్వాత, మీకు బాగా తెలిసిన బేనిషాన్ చెట్టు ఆకు ఒకటి, అనుమానం ఉన్న కొమ్మ ఆకు ఒకటి తెచ్చి పక్కపక్కన పెట్టండి. వెడల్పు, కొస, లేత చిగురు రంగు పోల్చండి. నలిపి వాసన చూడండి. ఆ అమ్మ తోరణం కట్టేటప్పుడు చేసిన పరీక్ష ఇదే. కాపు వచ్చేదాకా ఆరేళ్ళు ఆగనక్కర లేదు.

మూడవ కారణం, మొగ్గలో నిజంగా పుట్టే మార్పు. ఇది అరుదు. కాని లోకానికి మేలు చేసిన సంగతి.

కొమ్మ చివర పెరిగే కొనలో కణాలు ఒకటి రెండు, రెండు నాలుగు అవుతూ ఉంటాయి. ప్రతిసారీ లోపలి జన్యువులన్నిటికీ నకలు తయారవుతుంది. పాత రోజులలో పట్వారీ పహాణీ నకలు రాసేటప్పుడు ఎంత జాగ్రత్తగా రాసినా, ఎప్పుడో ఒక అక్షరం తప్పుతుంది గదా. ఆ నకలు చూచి మరొకరు రాస్తే ఆ తప్పే కొనసాగుతుంది. కణంలోనూ అటువంటి పొరపాటు జరుగుతుంది. దానినే శాస్త్రజ్ఞులు ఉత్పరివర్తనం అంటారు. చాలా తప్పులు ఎవరికీ తెలియకుండా పోతాయి. కొన్ని చెడు చేస్తాయి. ఏ లక్షల్లో ఒకటో కాయ రంగును, గింజను, కాపు కాలాన్ని మారుస్తుంది. అప్పుడు చెట్టంతా ఒక తీరుగా ఉండి, ఒక్క కొమ్మ మాత్రం వేరుగా కాస్తుంది.

మనమెరిగిన ఉదాహరణలున్నాయి. థాంప్సన్ గింజలేని ద్రాక్షలో ఇట్లా వేరుపడిన తీగల నుంచే మహారాష్ట్ర రైతులు తాస్-ఎ-గణేశ్, సోనాక అనే రకాలు నిలబెట్టారు. హైదరాబాదు చుట్టుపక్కల పేరు మోసిన అనాబ్-ఎ-షాహి ద్రాక్ష నుంచి కర్ణాటకలో దిల్‌కుష్ వేరుపడింది. బ్రెజిల్ దేశంలో బాహియా అనే చోట ఒక నారింజ చెట్టు కొమ్మ గింజలేని బొడ్డు నారింజను కాసింది. 1873లో దాని మొక్కలు కాలిఫోర్నియా చేరి, అక్కడి నారింజ సాగునే మార్చివేశాయి. గింజ లేని కాయకు అంటు తప్ప వేరే దారి లేదు. అంటే ఒక్క కొమ్మ మీద పుట్టిన మార్పు అంటు ద్వారానే దేశాలు దాటింది.

నిజంగా "తిరిగిపోవడం" అనేది కూడా ఇక్కడే కనబడుతుంది. పెరిగే కొనలో కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. మార్పు ఒక పొరలోనే జరిగితే ఆ కొమ్మ సగం కొత్తది, సగం పాతది. పాత పొర మళ్ళీ పైచేయి అయితే పాత గుణం తిరిగి వస్తుంది. పంచాయతీ ఆఫీసు ముందర పసుపు, తెలుపు మచ్చల ఆకుల మొక్కలు పెంచుతారు. ఉన్నట్టుండి వాటిలో ఒక కొమ్మ నిండు ఆకుపచ్చగా లేస్తుంది. ఆకుపచ్చ ఆకు అన్నం ఎక్కువ వండుతుంది గనుక ఆ కొమ్మ త్వరగా పెరిగి మిగిలిన మొక్కను మింగివేస్తుంది. తోటమాలి దానిని మొదట్లోనే తీసివేస్తేనే మచ్చల రకం నిలుస్తుంది. మామిడిలో కంటికి తెలిసేట్టు ఇది జరగడం బహు అరుదు. కాబట్టి తోటలో పద్నాలుగు చెట్లు ఒక్కసారి చెడితే, అది మొగ్గ మార్పు కాదు. అంటు మొదలు చూడవలసిందే.

మరొక హెచ్చరిక. అన్ని తేడాలూ జాతి తేడాలు కావు. లేత చెట్టు తొలి కాపు రుచి తక్కువగా ఉండవచ్చు. ముదరక ముందే కోసిన కాయ పుల్లగానే ఉంటుంది. నీటి ఎద్దడికి కాయ చిన్నదవుతుంది. అటువంటి చెట్టును మరుసటి ఏడు బాగా సాకితే సరి అవుతుంది. ఒక్క కాపు చూచి చెట్టును కొట్టివేయరాదు.

ఇక చేయవలసిన పనులు చెబుతాను.

మొక్క తెచ్చేటప్పుడు, లైసెన్సు ఉన్న నర్సరీ నుంచి రశీదు తీసుకొని తెచ్చుకోండి. రశీదు మీద రకం పేరు రాయించండి. అంటు కలిసిన చోటు స్పష్టంగా కనబడని మొక్కను తీసుకోవద్దు. వీలయితే సయాను కొమ్మ తీసిన తల్లి చెట్టును చూపించమని అడగండి. అడగడంలో తప్పు లేదు.

నాటేటప్పుడు అంటు చోటు నేలకు జానెడు పైన ఉండాలి. దానిని మట్టిలో కప్పివేస్తే కింది చిగురు కనబడదు, బత్తాయిలో మొదలు కుళ్ళు కూడా వస్తుంది. మొదటి మూడేళ్ళు నెలకు రెండుసార్లు తోటలో వంగి నడవండి. అంటు కింద వచ్చిన చిగురును లేతగా ఉన్నప్పుడే వేలితో మొదలంటా గిల్లివేయండి. కత్తితో మోడు మిగిల్చి కోస్తే అక్కడి నుంచి మళ్ళీ నాలుగు లేస్తాయి. మొదటి ఏడే పై అంటు చచ్చిపోతే ఆ మొక్కను "ఉండనీలే" అని వదలవద్దు. కొత్త అంటు పెట్టండి, లేదా కింది చిగురు పెన్సిలు లావు అయిన తర్వాత వానాకాలంలో దాని మీదనే మళ్ళీ అంటు కట్టించండి.

చెట్టు పెద్దదయిన తర్వాత తేడా బయటపడితే రెండు దారులున్నాయి. బేనిషాన్ కొమ్మ ఇంకా బతికి ఉంటే, నాటు కొమ్మలను ఒక్కసారిగా కాక రెండు విడతలుగా తీసివేయండి. బేనిషాన్‌కు వెలుతురు వస్తుంది. చెట్టు మొత్తం నాటు అయితే, కోత అయిన తర్వాత పెద్ద కొమ్మలను కొంత ఎత్తులో కోసి, ఒకటి రెండు కొమ్మలను చెట్టుకు ఆధారంగా ఉంచండి. కోసిన చోట బోర్డో పేస్టు పూయండి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీటితో ఇది తయారవుతుంది. ప్రతి మోడు మీద వచ్చే చిగుళ్ళలో నాలుగైదు బలమైనవి ఉంచి తక్కినవి తీసివేయాలి. అవి పెన్సిలు లావు అయిన తర్వాత మంచి బేనిషాన్ చెట్టు సయానుతో అంటు కట్టాలి. సయాను కొమ్మ మూడు నాలుగు నెలల వయసుది కావాలి. కోయడానికి వారం పది రోజుల ముందు కాడలు మాత్రం ఉంచి ఆకులు కత్తిరిస్తే కళ్ళు ఉబ్బి సిద్ధంగా ఉంటాయి. పాత వేరు బలం ఉన్నది గనుక, కొత్త మొక్క పెట్టినదానికంటె ముందే ఈ చెట్టు కాపుకు వస్తుంది.

తోటి విస్తరణ సిబ్బందికి ఒక మనవి. తోటకు వెళ్ళినప్పుడు పైకి చూడడం అందరికీ అలవాటే. మొదలు చూడడం అలవాటు చేసుకుందాం. రైతును అడిగినట్టే ఇంటి ఆడవారినీ అడుగుదాం. ఆకు తెంపేది, కాయ ఏరేది, పచ్చడి పెట్టేది వారే. తేడా మొదట తెలిసేదీ వారికే.

చివరగా ఇంకొక సంగతి. జాతి తప్పిన ప్రతి చెట్టూ పనికిరానిది అనుకోవద్దు. టెంకలో గుణాలు చెదరడం వల్లనే కొత్త కూడికలూ పుడతాయి. మనకున్న ప్రతి మంచి మామిడీ ఒకనాడు ఎవరి గట్టు మీదనో టెంక నుంచి లేచిన నాటు మొక్కే. మన పాలమూరు గుట్టల మీద సీతాఫలం చూడండి. గింజ పడి లేచినవే గనుక ఒక చెట్టు కాయ పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి గింజ తక్కువది. అటువంటి వాటిలో ఏరిన మంచి రకానికే బాలానగర్ అనే మన ఊరి పేరు నిలిచి, దేశమంతా సాగులోకి పోయింది. శాస్త్రజ్ఞులు కూడా ఈ గుణాల కలయికనే వాడుకుంటారు. నీలం, దశహరి మామిళ్ళను కలిపి ఢిల్లీ పరిశోధన సంస్థలో 1970 దశకంలో మల్లిక, ఆమ్రపాలి రకాలు తీశారు. దశహరి చెట్లలోనే ఏటేటా తప్పక కాసే చెట్టును వెతికి, లక్నో సంస్థవారు దశహరి-51 అని ఎంపిక చేశారు. వారూ మొదట చేసిన పని, తేడాగా ఉన్న చెట్టును గమనించి గుర్తు పెట్టుకోవడమే.

కాబట్టి మీ తోటలోనో, గట్టు మీదనో ఏదైనా చెట్టు గాని, ఒక్క కొమ్మ గాని మిగిలినవాటికంటె మేలుగా కనబడితే దానికి సున్నపు పట్టీ వేయండి. మూడు కాపులు చూడండి. ప్రతి ఏడూ అదే గుణం నిలిస్తే మీ ఉద్యాన అధికారికి గాని, సంగారెడ్డిలోని పండ్ల పరిశోధన కేంద్రానికి గాని తెలియజేయండి. ఒక్క ఏడు కనబడి పోయేది నీటి వల్ల, ఎరువు వల్ల వచ్చిన తేడా. అంటు కట్టి చూచినా నిలిచేదే జాతి తేడా.

ఆ పెద్దాయన తోట ఏమయిందని మీరు అడగవచ్చు. ఆ ఏడు గుత్త సొమ్ము తగ్గింది. మనుమరాలి ఫీజుకు మేకలను అమ్మవలసి వచ్చింది. ఆ నష్టాన్ని నేను తీర్చలేకపోయాను. కాని గొడ్డలి మాత్రం దూలానికి ఎక్కింది. రెండు కాయల చెట్లు ఎనిమిదింటిలో నాటు కొమ్మలు తీసివేశాము. అవి ఇప్పుడు పూర్తి బేనిషాన్. నాటు చెట్లు ఆరింటిలో అయిదింటికి పై అంటు కట్టాము. నాలుగు పట్టాయి. మొన్నటి వేసవిలో రెండింటికి కొన్ని కాయలు నిలిచాయి.

ఆరవ చెట్టును మాత్రం ఆ అమ్మ ముట్టనివ్వలేదు. "ఈ కాయ పులుపు, పీచు గట్టి. ఆవకాయ పెడితే ఏడాదికి గూడ ముక్క మెత్తవడలే. దీని జోలికి రావొద్దు సారూ" అన్నది. ఆ చెట్టుకు సున్నపు పట్టీ వేసి వచ్చాము. రెండు కాపులు చూచాము, గుణం నిలిచింది. వచ్చే వేసవిలో మూడవది చూడాలి.